స్వతంత్ర క్రైస్తవ గాయకులు, రచయితల కబుర్లను నెలనెలా అభిమానులకు చేర్చడం ఎలా? వరంగల్ ప్రాంతానికి ఒక సమగ్ర మార్గదర్శి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ పట్టణాలలోనూ, వాటి చుట్టూ ఉన్న జనగామ, నర్సంపేట, పరకాల, మహబూబాబాద్, ములుగు ప్రాంతాలలోనూ సొంత ఖర్చుతో క్రైస్తవ గీతాలు రికార్డు చేయించుకునే గాయకులు, సొంతంగా పుస్తకాలు అచ్చు వేయించుకునే రచయితలు ఎందరో ఉన్నారు. వీరి వెనుక ఆడియో కంపెనీ ఉండదు, ప్రచురణ సంస్థ ఉండదు, ప్రచారం చూసుకునే మనిషీ ఉండడు. పాటను యూట్యూబులో పెట్టిన రోజున తెలిసినవారందరికీ లింకు పంపుతారు. ఆ లింకు నాలుగు చేతులు మారేసరికి పాట మాత్రం మిగిలి, రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు రాలిపోతాయి. కొంతకాలానికి అదే పాటను వేరే సంఘంలో పాడుతుంటే ‘ఎవరిదో పాత పాట’ అని చెప్పుకుంటారు. అభిమానుల కోసం నడిపే వార్తాపత్రం అన్నిటికంటే ముందు తీర్చవలసిన లోటు ఇదే. కొత్త పాట వచ్చిందని చెప్పడం ఎంత అవసరమో, అది ఎవరి కష్టమో సరిగ్గా చెప్పడం అంతకంటే అవసరం.

ఒకరిద్దరు కలిసి, జీతభత్యాలు లేకుండా, ఉద్యోగమో చదువో చేసుకుంటూనే నెలకొకసారి వెలువరించగలిగిన వార్తాపత్రాన్ని దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

మొదటి దశ: పరిధి గీసుకోవడం

ఏ ప్రాంతం, ఎవరి కబుర్లు అన్న రెండు సంగతులను ముందుగా ఒక పుటలో రాసి పెట్టుకోండి. ప్రాంతం విషయంలో అత్యాశ పనికిరాదు. ఉమ్మడి వరంగల్ జిల్లాయే ఇప్పుడు ఆరు జిల్లాలుగా ఉంది. మొదటి ఏడాదికి అది చాలు. కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల వైపు నుంచి ఫోను చేసి నిజానిజాలు చెప్పగల మనిషి దొరికిన తర్వాతే అటువైపు విస్తరించండి.

ఎవరిని స్వతంత్రులుగా లెక్కించాలన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. పేరు ప్రతిష్ఠలను కొలతగా పెట్టుకుంటే తగవులు తప్పవు. పాట హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి, ఖర్చు ఎవరు పెట్టారు అన్నవే సరైన కొలతలని నా అభిప్రాయం. పెద్ద సంఘంలో ఆరాధన నడిపించే సోదరుడైనా, తన పాటను తన డబ్బుతో చేయించుకొని హక్కులు తన దగ్గరే ఉంచుకుంటే ఆయన స్వతంత్రుడే.

ఈ ప్రాంతపు క్రైస్తవ సమాజం ఒకే రంగుది కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఫాతిమానగర్ కేథడ్రల్ కేంద్రంగా కథోలిక వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్పు పరిధి) 1952 నుంచి ఉంది. హనుమకొండలో బాప్తిస్టు సంఘాలది పాత చరిత్ర. ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషిక్తులైన వి. ఎస్. అజరయ్య డోర్నకల్‌ను కేంద్రంగా చేసుకొనే పనిచేశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆయన నడిపిన డోర్నకల్ అధ్యక్ష మండలం (బిషప్పు పరిధి) అందులో కలిసింది. వీటికి తోడు పెంతెకొస్తు, బ్రదరెన్, ఇంకా ఎన్నో స్వతంత్ర సంఘాలు ఉన్నాయి. ఒకరు ‘ఫాదర్’ అంటే మరొకరు ‘అయ్యగారు’ అంటారు, ఇంకొకరు ‘బ్రదర్’ అంటారు. స్థానిక సంఘ పరిధిని ఒకరు ‘విచారణ’ అంటే మరొకరు ‘పాస్టరేట్’ అంటారు. ఎవరిని గురించి రాస్తున్నామో వారి సంఘంలో వాడే పిలుపునే వాడండి. ఒక సంఘానికి చెందిన పత్రమని రెండో సంఘం వారు అనుకున్న రోజున సగం కబుర్లు రావడం ఆగిపోతాయి.

రెండో దశ: పేర్ల పట్టిక తయారు చేయడం

ఇది అందరూ తేలికగా దాటవేసే పని. కానీ వార్తాపత్రానికి ప్రాణం ఇక్కడే ఉంది. మొదటి సంచిక వెలువడకముందే ఒక నెలంతా దీనికే కేటాయించినా తప్పులేదు. కంప్యూటరులో ఎక్సెల్ షీటు ఉంటే మంచిది, లేకపోతే గీతల పుస్తకమైనా సరే.

పాటకు పట్టికలో మొదటి గడి పల్లవి మొదటి పంక్తిది కావాలి, ఆల్బం పేరుది కాదు. మన సంఘాలలో పాటను ఎవరూ శీర్షికతో గుర్తుపట్టరు; కీర్తనల పుస్తకాలలో అకారాది సూచిక కూడా పల్లవితోనే ఉంటుంది. పైగా యేసయ్య నామంతోనో, స్తోత్రంతోనో మొదలయ్యే పాటలు లెక్కలేనన్ని ఉంటాయి కనుక, మొదటి రెండు మాటలతో సరిపెట్టకుండా పంక్తి మొత్తం రాయాలి. ఆ తర్వాత వరుసగా రచన, స్వరకల్పన, గానం, కీబోర్డు ప్రోగ్రామింగ్, తబలా, డోలక్, వేణువు వంటి వాద్యాలు వాయించినవారు, రికార్డింగు చేసిన స్టూడియో, మిక్సింగ్ చేసినవారు, విడుదల తేదీ, లింకు. చివరి గడిలో పాట శ్రుతి, తాళం రాయండి. పాత కీర్తనల పుస్తకాలలో పల్లవికి పైన రాగం, తాళం అచ్చు వేసే మంచి సంప్రదాయం ఉంది. ఈనాటి పాటలకు ఎవరూ ఆ శ్రమ తీసుకోవడం లేదు. మీ పత్రం ఆ పని చేస్తే క్వయర్ (సంఘ గాయక బృందం) నడిపించేవారు దాన్ని దాచుకుంటారు.

పేరు రాసే తీరును ఆ మనిషినే అడిగి తెలుసుకోండి. ఇంటిపేరు ముందా వెనుకా, పొట్టి అక్షరాలు ఉండాలా, ‘బ్రదర్’, ‘సిస్టర్’ చేర్చాలా వద్దా అన్నవి వారి ఇష్టం. ఒకే పేరున్న గాయకులు ఇద్దరు ముగ్గురు ఉండడం మన దగ్గర మామూలు. అలాంటప్పుడు పేరు పక్కన ఊరి పేరు చేర్చండి. వాట్సాప్ నంబరు ఈ పట్టికలో ఉండవచ్చు కానీ, అది మీ దగ్గరే ఉండాలి, అచ్చులోకి రాకూడదు.

ఒకే పాటను వేర్వేరు గాయకులు రికార్డు చేసినప్పుడు ఏది ఎవరిదో తేల్చడానికి ఐఎస్ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాల సంకేతం ఉపయోగపడుతుంది. ప్రతి రికార్డింగుకు వేరే సంకేతం ఉంటుంది. స్పాటిఫై, జియోసావన్ వంటి చోట్ల పాట పెట్టించే పంపిణీ సంస్థలు దాన్ని సాధారణంగా ఇస్తాయి. గాయకుడిని అడిగితే ఆయన దగ్గరున్న ఈమెయిలులోనే అది కనిపిస్తుంది. యూట్యూబులో మాత్రమే పెట్టిన పాటకు అది లేకపోవచ్చు. అప్పుడు విడుదల తేదీయే ఆధారం.

మూడో దశ: కబుర్లు సేకరించడం

పట్టికలో ఉన్న ప్రతి ఛానెలుకు సబ్‌స్క్రైబ్ అయి, గంట గుర్తు నొక్కి పెట్టుకోవడం మొదటి పని. ప్రీమియర్‌గా పెట్టిన పాట అయితే విడుదల సమయం ముందే కనిపిస్తుంది. కానీ నోటిఫికేషన్లతో వచ్చేది సగం సమాచారమే. మిగతా సగం ఫోనులో మాట్లాడితే గాని రాదు.

ఫోను ఎప్పుడు చేస్తామన్నది ముఖ్యం. ఆదివారం ఉదయం ఆరాధన, శనివారం సాయంత్రం ప్రాక్టీసు. ఈ కళాకారులలో చాలామంది ఉపాధ్యాయులుగా, నర్సులుగా, రైల్వే ఉద్యోగులుగా, భూపాలపల్లి వైపు అయితే సింగరేణి కార్మికులుగా పనిచేస్తూ పాటలు పాడుకుంటున్నవారు. షిఫ్టు ఎప్పుడో తెలుసుకొని చేయడం మర్యాద. నెలకు ఒకసారి, నిర్ణీతమైన వారంలో చేస్తే వారు కూడా ఎదురుచూస్తారు.

‘ఏమైనా కొత్త సంగతులున్నాయా అన్నా’ అని అడిగితే ‘ప్రభువు కృపతో అంతా బాగానే ఉంది’ అన్న జవాబే వస్తుంది. పని ఏ మెట్టులో ఉందో అడగండి: సాహిత్యం అయిందా, బాణీ కుదిరిందా, ట్రాక్ (వాద్యసంగీతం) వచ్చిందా, గొంతు రికార్డు అయిందా, వీడియో తీశారా. రచయితను అడిగేటప్పుడు చిత్తుప్రతి, డీటీపీ, ప్రూఫు, ముఖచిత్రం, అచ్చు, ఆవిష్కరణ అన్న వరుసలో అడగండి. ఆగిపోయిన పని గురించి అడిగినప్పుడు కారణం తవ్వకండి. డబ్బు కుదరక ట్రాక్ నిలిచిపోయిన గాయకుడికి ఆ సంగతి పదిమందిలో తెలియడం ఇష్టం ఉండదు.

‘ఇందులో ఏది రాయవచ్చు, ఏది రాయకూడదు’ అని మాట ముగించే ముందు తప్పనిసరిగా అడగండి.

నాలుగో దశ: నిర్ధారించుకోవడం

వాట్సాప్ పోస్టరును వార్తగా భావించకూడదు. పోస్టర్లలో సంవత్సరం ఉండదు. గత ఏడాది కూటం (ప్రార్థన సభ) పోస్టరు ఈ ఏడాది మళ్ళీ తిరుగుతుంది. దీనిని పట్టుకోవడానికి సులువైన మార్గం వారాన్ని, తేదీని సరిచూడడం. ‘డిసెంబరు 14, ఆదివారం’ అని ఉంటే అది 2025 పోస్టరు. 2026లో డిసెంబరు 14 సోమవారం. క్యాలెండరు తెరిచి చూడడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం వెచ్చించకపోతే పరకాల నుంచో ఏటూరునాగారం నుంచో పిల్లలతో బస్సెక్కి వచ్చిన కుటుంబం తాళం వేసిన మందిరం ముందు నిలబడవలసి వస్తుంది.

కొత్త పాటకు గాయకుడి మాట సరిపోతుంది కానీ, రచన ఎవరిదన్న సంగతికి మాత్రం రచయితనే అడగాలి. వీడియో కింద వివరణలో గాయకుడి పేరొక్కటే పెద్దగా ఉండి, రచయిత పేరు ఎక్కడా లేకపోతే నేరుగా ఫోను చేసి అడగండి. పూర్వం నుంచి సంఘాలలో పాడుకుంటున్న పాటకు ‘రచన: సంఘ సంప్రదాయం’ అని రాసుకోవడం కంటే, పెద్దలను అడిగి ఎవరు నేర్పారో తెలుసుకునే ప్రయత్నం చేయడం మేలు, డెబ్బై ఏళ్ళు దాటిన క్వయర్ సభ్యులకు ఇలాంటివి ఆశ్చర్యపడేంత స్పష్టంగా గుర్తుంటాయి. ఈ మధ్య కృత్రిమ మేధతో తయారు చేసిన గొంతులు, బాణీలు కూడా వస్తున్నాయి కనుక, పాడింది మనిషేనా అని మొహమాటపడకుండా అడిగి, వచ్చిన జవాబును అలాగే రాయండి.

జబ్బు, ప్రమాదం, మరణం వార్తలకు వేరే నియమం ఉండాలి. కుటుంబ సభ్యులో, సంఘ పెద్దలో స్వయంగా చెప్పనిదే ఒక్క మాట కూడా బయటికి పోకూడదు. ప్రార్థన మనవిగా వచ్చినా అంతే. జబ్బు పేరు, చికిత్స వివరాలు, బాప్తిస్మం, కులం, కుటుంబ తగాదాలు ఆ మనిషి సొంత సంగతులు; వారు సభలో సాక్ష్యంగా చెప్పి ఉన్నా, పత్రంలో రాయడానికి మళ్ళీ అనుమతి తీసుకోవాలి. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అంగీకారం రాతలో ఉండాలి.

ఐదో దశ: వార్త రాయడం

మామూలుగా తిరిగే సందేశం ఎలా ఉంటుందో చూడండి: ‘ప్రైజ్ ద లార్డ్! దేవుని మహా కృపను బట్టి మన ప్రియ సోదరి పాడిన అద్భుతమైన కొత్త పాట వచ్చేసింది. హృదయాలను కదిలించే ఈ పాటను అందరూ చూసి, లైక్ చేసి, షేర్ చేసి, సబ్‌స్క్రైబ్ చేయండి.’ ఇందులో భక్తి ఉంది, ప్రేమ ఉంది, కానీ కబురు లేదు. ఏ పాట, ఎవరు రాశారు, ఏ సందర్భానికి, ఎక్కడ వినాలి అన్నవేవీ తెలియవు. పైగా ప్రతి పాటా అద్భుతమే అయినప్పుడు వినేవారికి ఏది ముందు వినాలో తోచదు.

అదే పాట గురించి ఇలా రాయవచ్చు. పేర్లు ఉండవలసిన చోట పేర్లు చేర్చుకోండి: ‘నర్సంపేటకు చెందిన ఫలానా గాయని పాడిన శ్రమకాల (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాల) గీతం ఫిబ్రవరి 12న యూట్యూబులో విడుదలయింది. పల్లవి, మూడు చరణాలు, నిడివి ఆరు నిమిషాలు. రచన ఆమె తండ్రిగారిది, స్వరకల్పన ఆమెది. డప్పు, హార్మోనియం తప్ప మరే వాద్యమూ వాడలేదు. గెత్సేమనే తోటలో నిద్రపోయిన శిష్యులే మాట్లాడుతున్నట్టుగా సాహిత్యం నడుస్తుంది. మూడో చరణంలో స్వరం పైస్థాయికి వెళ్తుంది కనుక సంఘమంతా కలిసి పాడాలనుకుంటే శ్రుతి కొంచెం తగ్గించుకోవాలి. ఆరాధనలో పాడుకోవడానికి గాయని అనుమతి ఇచ్చారు. మళ్ళీ రికార్డు చేయాలనుకునేవారు ముందుగా అడగాలని కోరారు.’

ఇక్కడ పొగడ్త ఒక్కటీ లేదు. అయినా చదివినవారికి పాట వినాలనిపిస్తుంది. ఎందుకంటే పాటను నిజంగా విని రాశారని తెలుస్తుంది. వినకుండా ఏ పాట గురించీ రాయకండి. తక్కువలో తక్కువ రెండుసార్లు, ఒకసారి సాహిత్యం కోసం, ఒకసారి సంగీతం కోసం వినండి. మన ప్రాంతపు పాటలలో కోలాటం నడక, ఒగ్గుకథ చెప్పే తీరు, పొలం పనుల పాటల బాణీలు వినిపించినప్పుడు ప్రత్యేకంగా గుర్తించి రాయండి. ఆ వరసలు ఎవరి దగ్గర నేర్చుకున్నారో కనుక్కుంటే అదే ఒక మంచి కబురు అవుతుంది.

నచ్చని పాట వచ్చినప్పుడు ఏం చేయాలని చాలామంది అడుగుతారు. కబుర్లపత్రంలో వివరాలు ఇచ్చి ఊరుకోవచ్చు. నచ్చినట్టు నటించవలసిన పని లేదు. సమీక్ష రాయాలనుకుంటే దానికి వేరే శీర్షిక పెట్టి, రాసినవారి పేరు కింద ఉంచి, సాహిత్యంలోని భావదోషమో బైబిలు వాక్యానికి విరుద్ధమైన మాటో ఉంటే సూటిగా, మర్యాదగా చెప్పండి. మనిషిని గురించి కాదు, పాటను గురించే మాట్లాడాలి.

ఆరో దశ: హక్కులు తెలుసుకొని నడుచుకోవడం

దేవుని కోసం రాసిన పాటకు హక్కులేమిటన్న మాట మనలో తరచుగా వినిపిస్తుంది. ఆ మాటను రచయిత అంటే అది ఆయన ఔదార్యం; ఆయన పాటను అడగకుండా వాడుకున్నవారు అనడం న్యాయం కాదు.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికి, సంగీతానికి రచయిత జీవితకాలం, ఆయన మరణించిన తర్వాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు రక్షణ ఉంటుంది. ధ్వనిముద్రణకు అది విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. ఉదాహరణకు తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యులలో ఒకరైన పురుషోత్తమ చౌదరి 1890లో మరణించారు. ఆయన రచనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, పాడి రికార్డు చేసుకోవచ్చు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గుర్రం జాషువ 1971లో మరణించారు, ఆయన పద్యాలకు 2031 చివరి వరకు రక్షణ ఉంది. పాత కీర్తనను ఒక గాయకుడు ఈ ఏడాది కొత్త వాద్యసంగీతంతో పాడితే, కీర్తన అందరిదే అయినా ఆ రికార్డింగు మాత్రం ఆయనదే. ఈ తేడా తెలియకపోవడం వల్లనే యూట్యూబులో ఒకరి కీర్తన మీద మరొకరు హక్కు కోరుతూ దావాలు పెడుతుంటారు. అలాంటి దావా వచ్చిన గాయకుడికి రచయిత మరణించిన సంవత్సరం ఆధారంతో సహా చూపించడం మీ పట్టిక చేయగలిగిన పెద్ద సహాయం.

చట్టంలోని 52వ సెక్షన్ సమీక్షకు, వర్తమాన విషయాల వార్తలకు న్యాయమైన మేరకు ఉటంకింపును అనుమతిస్తుంది. కనుక పల్లవిలో ఒకటి రెండు పంక్తులు ఇవ్వవచ్చు. సాహిత్యం మొత్తం వేయాలంటే రాతలో అనుమతి కావాలి. వాట్సాప్‌లో ‘సరే బ్రదర్, వేసుకోండి’ అని వచ్చిన సందేశాన్ని భద్రపరచుకున్నా ఉపయోగమే, అయితే ఏ పాటకు, ఏ సంచికకు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. అంటే పేరు వేయడం మనం చూపించే దయ కాదు, ఆయనకు చెందవలసినదే.

గాయకులకు పత్రం ద్వారా చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. హక్కులు రాసిచ్చే కాగితంలో కాలపరిమితి లేకపోతే చట్టం దానిని ఐదేళ్ళుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. సంతకం పెట్టే ముందు ఈ రెండు గడులూ చూసుకోమని చెప్పండి.

ఏడో దశ: రచయితలకు తగినంత చోటు ఇవ్వడం

పాటకు ఉన్న ఆకర్షణ పుస్తకానికి ఉండదు కనుక రచయితల కబుర్లు వెనకబడతాయి. ప్రతి సంచికలో కనీసం నాలుగో వంతు పుస్తకాలకు కేటాయించాలని నియమం పెట్టుకోండి. ధ్యాన గ్రంథాలు, సంఘ చరిత్రలు, సువార్తికుల జీవిత కథలు, పద్య శతకాలు, సండేస్కూలు నాటికలు, కూటాల బల్లల మీద అమ్మే పిన్ను కొట్టిన పదహారు పేజీల పాటల పుస్తకాలు కూడా పుస్తకాలే.

పుస్తకం వార్తలో పేజీలు, ధర, అచ్చయిన సంవత్సరం, ఎక్కడ దొరుకుతుంది, తపాలా ఖర్చు ఎవరిది అన్నవి ఉండాలి. సొంతంగా అచ్చు వేసుకునే రచయితకు ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) ఉచితంగా లభిస్తుందని చాలామందికి తెలియదు. రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైనులో దరఖాస్తు చేసుకుంటే పదమూడంకెల సంఖ్య ఇస్తారు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్త ముప్పై రోజులలోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, అలాగే చెన్నై, ముంబై, ఢిల్లీలలో నిర్దేశించిన గ్రంథాలయాలకు పంపాలి. మన రచయితలలో ఈ పని చేసేవారు అరుదు. పంపిన పుస్తకమే యాభై ఏళ్ళ తర్వాత పరిశోధకుడికి దొరుకుతుంది కనుక దీనిని పదే పదే గుర్తు చేయండి.

రచయిత పంపిన భాగాన్ని యథాతథంగా పెట్టాలనుకున్నప్పుడు ఒక చిక్కు వస్తుంది. డీటీపీ సెంటరులో ‘అను’ అనే ఫాంట్లతో చేసిన మ్యాటరును ఫోనులోకి తీసుకుంటే తెలుగు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. దానిని యూనికోడ్‌లోకి (ఏ ఫోనులోనైనా కనిపించే అక్షర పద్ధతిలోకి) మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చిన తర్వాత ఒత్తులు, సున్నాలు, ‘క్ష’ వంటి అక్షరాలను కంటితో చూసి సరిచేయక తప్పదు.

ఎనిమిదో దశ: కూటాలు, పండుగల క్యాలెండరు

క్రిస్మస్ పాటల పని వేసవి దాటగానే మొదలై నవంబరులో పాటలు బయటికి వస్తాయి. కనుక సెప్టెంబరు సంచికలోనే ఎవరెవరు పని మొదలుపెట్టారో చెప్పండి. శ్రమకాలం ఏటా మారుతుంది: ఈస్టర్ 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఈస్టరుకు 46 రోజుల ముందు వస్తుంది కాబట్టి 2027లో అది ఫిబ్రవరి 10. శ్రమకాల గీతాల కబుర్లు జనవరి సంచికలో లేకపోతే ప్రయోజనం ఉండదు.

కూటం వార్తలో సమయంతోపాటు స్థలానికి గుర్తులు, తిరుగు బస్సు సంగతి రాయండి. రెండేళ్ళకోసారి మేడారం జాతర జరిగే రోజులలో ఆర్టీసీ బస్సులు అటు మళ్ళుతాయి, ములుగు దారి కిక్కిరిసిపోతుంది; ఆ వారంలో పాటల సభ పెట్టుకోవద్దని నిర్వాహకులకు ముందే చెప్పండి. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు వాడకూడదు, పగలు వాడాలన్నా అనుమతి కావాలి.

తొమ్మిదో దశ: డబ్బు విషయాలు

అభిమానులు ‘ఎలా సహాయపడాలి’ అని తప్పక అడుగుతారు. పత్రం తరఫున చందాలు వసూలు చేయకండి. కళాకారుడి సొంత యూపీఐ వివరాలను ఆయనే స్వయంగా చెప్పిన తర్వాత, ఒక రూపాయి పంపి తెర మీద వచ్చే పేరును సరిచూసి, ఆయన అంగీకారంతోనే వేయండి. ఫార్వర్డు చేసిన క్యూఆర్ కోడును ఎన్నడూ వేయకూడదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కనవసరం లేదన్న సంగతిని వయసు మళ్ళిన కళాకారులకు ప్రత్యేకంగా చెప్పండి.

ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్ దేశాలకు, అమెరికాకు వెళ్ళినవారు ఈ పాటలను ఎంతో ఇష్టంగా వింటారు. వారు పంపే డబ్బు విషయంలో జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదనలో నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళమే. మతపరమైన కార్యక్రమం నడిపేవారు దానిని తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. పుస్తకమో ఆల్బమో కొని దాని ధర చెల్లించడం వేరు, అది వ్యాపారం. కనుక విదేశాలలో ఉన్న పాఠకులకు ‘కొనండి’ అని చెప్పండి, ‘పంపండి’ అని చెప్పకండి.

యూట్యూబు ఆదాయం గురించి కూడా అపోహలు ఎక్కువ. ప్రకటనల ఆదాయం మొదలు కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, గడచిన పన్నెండు నెలల్లో 4000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు (చిన్న వీడియోలకు) కోటి వీక్షణలు రావాలి. చిన్న గాయకుడికి పాటను చివరి వరకు వినడమే అభిమాని చేయగల సహాయమని దీనినిబట్టి తెలుస్తుంది.

పదో దశ: పాఠకులకు చేర్చడం

వాట్సాప్ గ్రూపు ఈ పనికి తగదు. అందులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, శుభోదయం సందేశాల మధ్య కబురు మునిగిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి చేర్చలేము. పైగా మీ నంబరును తమ ఫోనులో దాచుకోనివారికి సందేశం చేరదు. మన దేశంలో 2023 నుంచి అందుబాటులో ఉన్న వాట్సాప్ ఛానెల్ మేలైనది: అనుసరించేవారి నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, పరిమితి సమస్య రాదు. నెలకొక సంచికను అందులో యూనికోడ్ వచనంగానే పెట్టండి. బొమ్మగా పెడితే వెతకడం కుదరదు, చూపు లేనివారి ఫోను దానిని చదివి వినిపించలేదు.

ఫోను చూడని పాఠకులకు కాగితం కావాలి. ఏ4 కాగితానికి రెండు వైపులా అచ్చు వేసి మధ్యకు మడిస్తే నాలుగు చిన్న పేజీలవుతాయి. అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకూడదు. ఆదివారం ప్రకటనల సమయంలో చదివి వినిపించడానికి వీలుగా ఒక నిమిషంలో ముగిసే సారాంశాన్ని సంఘ కార్యదర్శికి శుక్రవారం నాటికే అందించండి. స్త్రీల సమాజం, యవ్వనస్థుల కూటమి నాయకులకు వేరుగా ఇవ్వండి. క్రమం తప్పకుండా, లోకవార్తలతో అచ్చు పత్రికగా దీన్ని పెంచాలని అనిపిస్తే, 2024 మార్చి 1 నుంచి అమలులో ఉన్న పత్రికల రిజిస్ట్రేషన్ చట్టాన్ని ముందుగా చదవండి. రిజిస్టరైన వార్తాపత్రిక సంపాదకుడు, ప్రచురణకర్త విదేశీ విరాళం తీసుకోవడం నిషిద్ధమన్న సంగతి కూడా అప్పుడు గుర్తుండాలి.

పదకొండో దశ: సవరణలు, భద్రపరచడం

పేరు తప్పు పడితే, ఛానెల్లో పాత సందేశాన్ని తొలగించి ఊరుకోకుండా, తర్వాతి సంచిక మొదటి పేజీలో సరైన పేరుతో సవరణ వేయండి. రచయిత పేరు విషయంలో ఇద్దరు పట్టుబడితే తీర్పు చెప్పకండి. ఇద్దరి ఆధారాలూ తేదీలతో సహా చూసి, తేలేవరకు ఆ గడిని ఖాళీగా ఉంచి, వివాదం ఉందని మాత్రం రాయండి.

ప్రతి సంచిక కాగితపు ప్రతిని ఒక ఫైలులో, పీడీఎఫ్‌ను రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఏటా జనవరిలో, ఆ ఏడాది వచ్చిన పాటలన్నిటికీ పల్లవుల అకారాది సూచిక, దాని పక్కనే రచయిత, స్వరకర్త, గాయకుల పేర్లు, పుస్తకాలకు వేరే సూచిక తయారు చేసి అందరికీ పంపండి. ఒక ప్రతిని ప్రతి సంఘం క్వయర్ పెట్టెలో పాటల పుస్తకాలతోపాటు ఉంచమని అడగండి.